క్విల్ట్ ముక్కలు కోయడానికి చేయించిన అక్రిలిక్ స్కేలు తేడా కొడుతోంది

మల్కాజిగిరి బొంత:
అందరికీ నమస్తే. మా అమ్మమ్మ పాత చీరలతో బొంతలు కుట్టేది. ఆవిడకి కత్తెర, కంటిచూపు చాలేవి. నేను రోటరీ కట్టర్ (చక్రంలా తిరిగే గుండ్రటి బ్లేడు), కింద పరిచే మ్యాట్ కొనుక్కుని మొదలుపెట్టాను. స్కేలు మాత్రం ఆన్‌లైన్‌లో ధర చూసి ఆగిపోయి, కోఠీలో నేమ్‌ప్లేట్లు చేసే షాపులో 2 మి.మీ. అక్రిలిక్ షీటు మీద లేజర్‌తో చేయించాను. దాంతో మంగళగిరి కాటన్‌ని రెండున్నర అంగుళాల చదరాలుగా కోశాను. ఎనిమిది కలిపితే, కుట్లలోకి పోయేది పోగా వరుస 16½ అంగుళాలు రావాలి. ప్రతి వరుసా 8 మి.మీ. తక్కువే! టేపుతో కొలిచి కోసిన బోర్డర్ పట్టీలేమో మిగిలిపోతున్నాయి. మూడు వరుసలు విప్పి మళ్లీ కుట్టాను, అదే కథ. కుట్టు పావు అంగుళమే పడుతోంది, కొలిచి చూశాను. పైగా మొన్న బ్లేడు స్కేలు మీదికి ఎక్కేసింది, వెంట్రుకవాసిలో వేలు తప్పింది. సంక్రాంతికి పాపకి ఇవ్వాలని కుడుతున్నాను, టెన్షన్‌గా ఉంది. కంపెనీ స్కేలు కొనేయాలా?

సైనిక్‌పురి సూదీదారం:
కుట్టు మీద అనుమానం పెట్టుకోకమ్మా. ఎనిమిది ముక్కలకి 8 మి.మీ. అంటే ముక్కకి ఒక మిల్లీమీటరు. రెండున్నర అంగుళాలంటే 63.5 మి.మీ., నీకు 62.5 వస్తోంది. షాపతను అంగుళానికి 25 మి.మీ. లెక్కన గీతలు వేసినట్టున్నాడు. అంగుళం 25.4. పక్కన స్టీలు స్కేలు పెట్టి 24వ గీత దగ్గర చూడు, సెంటీమీటరు దాకా తేడా ఉండాలి.

కొనక్కర్లేదు, మళ్లీ చేయించు. నేను వాడే మూడూ చేయించినవే. ఈసారి 3 మి.మీ. షీటు తీసుకో. 2 మి.మీ. అంచు బ్లేడుని ఆపలేదు, అందుకే పైకెక్కింది. మరీ మందమైతే గీత ఒకచోట, బట్ట ఒకచోట కనిపిస్తాయి. కాస్ట్ అక్రిలిక్ అని గట్టిగా అడుగు. ఎక్స్‌ట్రూడెడ్ రకం లేజర్ వేడికి కరిగి అంచున ముద్దలు కడుతుంది. కొలతలు మిల్లీమీటర్లలోనే రాసివ్వు: 6½ బై 24½ అంగుళాల స్కేలుకి 165.1 బై 622.3.

అన్నిటికన్నా ముఖ్యం, గీతలు అడుగువైపు చెక్కించు, అంకెలు అద్దంలోలా తిరగేసి. అప్పుడు గీత బట్టని తాకుతూ ఉంటుంది. నా మొదటి స్కేలుకి గీతలు పైనున్నాయి. తల కొంచెం వంచి చూస్తే చాలు, పట్టీ ఒక నూలుపోగంత లావో సన్నమో అయ్యేది. నాలుగు మూలల్లో అడుగున చిన్న గరుకు కాగితం ముక్కలు అంటించు, జారదు.

మల్కాజిగిరి బొంత:
అక్కా, మీరన్నది నిజమే! 24వ గీత సరిగ్గా 60 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. రెండు రాత్రులు నా మెషీన్‌నే తిట్టుకున్నాను. మరి కోసేసిన 96 చదరాలు ఏం చేయాలి?

ఉప్పల్ టైలర్:
పారేయకండి మేడమ్. అన్నీ ఒకే కొలత తక్కువ కాబట్టి వాటిలో వాటికి చక్కగా కలుస్తాయి. ఇబ్బంది బోర్డర్‌తోనే. ముందు లోపలి భాగమంతా కుట్టి ఇస్త్రీ చేసి, నడిమధ్యన అడ్డంగా, నిలువుగా కొలిచి ఆ కొలతకే పట్టీలు కోయండి. కాగితం మీది లెక్క వదిలేయండి.

కొత్త స్కేలు డబ్బిచ్చే ముందే చూసుకోండి: అంచు వెంట పెన్సిల్ గీత గీసి, స్కేలు తిరగేసి అదే గీతకి ఆనించండి. మధ్యలో సందు కనిపిస్తే అంచు వంకర. ఎదురెదురు మూలల మధ్య ఏటవాలు దూరాలు రెండూ కొలవండి, సమానం రావాలి. లేజర్ మసి పోవడానికి స్పిరిట్ మాత్రం రుద్దకండి, అంచుల్లో సన్నటి పగుళ్లు వస్తాయి. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ చాలు.

మల్కాజిగిరి బొంత:
లోపలి భాగం కుట్టేశాను. అడ్డం 411 మి.మీ. వచ్చింది, పట్టీలు దానికే కోశాను, మూలలు కలిశాయి. కొత్త స్కేలుకి కొలతలు కాగితం మీద రాసుకుని రేపు కోఠీ వెళ్తున్నాను.