హేర్‌కాసిల్ సొరంగం, చెషైర్ లాకులు: వారంలో ఫోర్ కౌంటీస్ రింగ్ అవుతుందా?

రేవుగట్టు:
ఇంగ్లండ్‌లోని మిడిల్‌విచ్‌లో 57 అడుగుల నారోబోటు (కాలువల్లో తిరిగే సన్నటి పొడుగాటి పడవ) అద్దెకి తీసుకుంటున్నాం. నలుగురు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు. వారంలో ఫోర్ కౌంటీస్ రింగ్, అంటే కాలువల మీదుగా చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వచ్చే దారి, మొత్తం తిరగొచ్చా? దిగే లాకుల్లో పడవ ఇరుక్కుంటుందంటారు, ఎందుకు? హేర్‌కాసిల్ సొరంగంలో ఏం చూసుకోవాలి?

మైలురాయి:
రింగ్ 110 మైళ్లు, 94 లాకులు. గంటకి 3 మైళ్లు, లాకుకి పావుగంట వేసుకుంటే దాదాపు 60 గంటలు. పరిమితి 4 మైళ్లే కానీ, కట్టేసి ఉన్న పడవల పక్కనుంచి వెళ్లేటప్పుడు ఇంజను ఐడిల్‌కి దించాలి, అందుకని సగటు 3 దాటదు. పడవ చేతికొచ్చే రోజు, తిరిగిచ్చే రోజు సగం పోతాయి. మిగతా రోజుల్లో పదేసి గంటలు టిల్లర్ (చుక్కాని తిప్పే కర్ర) పట్టుకోవాలి. పిల్లలతో వద్దు.

లాకుతాళం:
ధవళేశ్వరం లాకులు చూసినవాళ్లకి పద్ధతి కొత్తేం కాదు. కాకపోతే ఇక్కడ చాలాచోట్ల లాకు మనిషి ఉండడు, అన్నీ మనమే.

ఎక్కేటప్పుడు పడవ లోపలికొచ్చాక కింది గేట్లు మూసి, వాటి ప్యాడిల్స్ (నీళ్లు వదిలే చిన్న తలుపులు) పూర్తిగా దిగాయో లేదో చూడండి. ఒక్కటి తెరిచి ఉన్నా నీళ్లు నిండవు. పైన గ్రౌండ్ ప్యాడిల్ (గేటుకి కాకుండా పక్క గట్టులో ఉండేది) ముందు సగమే ఎత్తండి, పడవ కుదురుకున్నాక మిగతాది. గేటుకి ప్యాడిల్ ఉంటే దాని కంత నీళ్లలో మునిగాకే తీయాలి. ముందే తీస్తే ధార నేరుగా పడవ ముందుభాగంలోకి దూకుతుంది. రెండువైపులా మట్టం సమానమైతే గేటు దానంతటదే వదులవుతుంది, అంతకుముందు ఎంత నెట్టినా కదలదు.

ప్యాడిల్స్ ఎత్తడానికి తిప్పే చేతి పిడి విండ్‌లాస్. దాన్ని ఇరుసు మీద వదలకండి. పళ్లలో పడ్డ కొక్కెం జారితే అది గిర్రున తిరిగి చేతిని విరగ్గొడుతుంది. నీళ్లలో పడేది కూడా అదే, ఒకటి అదనంగా అడిగి తీసుకోండి.

సిల్‌గీత:
ఇరుక్కునేది దిగేటప్పుడే, ఎక్కువగా వెనకభాగం. పై గేటు అడుగున లాకు లోపలికి పొడుచుకొచ్చిన గట్టు ఉంటుంది, దాన్నే సిల్ అంటారు. లాకు నిండి ఉన్నప్పుడు కనిపించదు. నీళ్లు దిగేకొద్దీ చుక్కాని దాని మీద కూర్చుంటుంది, ముందుభాగం కిందికి వాలుతుంది, నీళ్లు లోపలికొస్తాయి. నిమిషాల్లో పడవ మునిగిపోతుంది. సిల్ ఎక్కడిదాకా ఉందో చూపిస్తూ లాకు ఒడ్డున తెల్లగీత ఉంటుంది, పడవ వెనకకొస దానికి ముందే ఉండాలి. లాకు ఖాళీ అయ్యేదాకా టిల్లర్ దగ్గర మనిషి ఆ గీతనే చూస్తూ ఉండాలి, ఫోటోలు తర్వాత.

తగులుకుందా, కింది ప్యాడిల్స్ వెంటనే దించెయ్యండి. తర్వాత పైవి నెమ్మదిగా తీసి నీళ్లు నింపండి. తాడు ఎప్పుడూ ముడి వెయ్యొద్దు. స్తంభానికి ఒక చుట్టు చుట్టి కొస చేత్తో పట్టుకోవాలి. ముడేస్తే పడవ తాడుకి వేలాడుతుంది.

మైలురాయి:
చెషైర్ లాకుల్లో, వీల్‌లాక్ అనే ఊరి నుంచి పైకి, చాలావి పక్కపక్కన జంటగా ఉంటాయి. ఎక్కేవాళ్లు ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకుంటే నీళ్లూ, సమయమూ మిగులుతాయి. ఒకర్ని విండ్‌లాస్‌తో ముందు లాకుకి నడిపించండి, మీరొచ్చేసరికి సిద్ధంగా ఉంటుంది.

చీకటిదారి:
హేర్‌కాసిల్ 2,675 మీటర్లు, దాదాపు 40 నిమిషాలు. ఇప్పుడు వాడేది 1827 నాటి టెల్‌ఫర్డ్ సొరంగం. ఒకేసారి ఒకే దిక్కు, కాపలావాళ్లు వంతు చెప్పి పంపిస్తారు. ఆఖరి ప్రవేశం ఎన్నింటికో ముందురోజే చూసుకోండి. దక్షిణం వైపు తలుపులున్నాయి, పడవలు లోపలున్నప్పుడు అవి మూసి ఫ్యాన్లతో పొగ లాగుతారు. నేల కుంగి మధ్యలో కప్పు బాగా కిందికుంటుంది. పైకప్పు మీది సైకిళ్లు, పూలకుండీలు, చిమ్నీ ముందే దించెయ్యండి. లైఫ్‌జాకెట్లు వేసుకోండి, గ్యాస్ స్టవ్ ఆపండి, లోపలి లైట్లన్నీ వెయ్యండి. నీళ్లు నారింజరంగులో ఉంటాయి, ఇనుము వల్ల, కంగారు పడకండి. గోడకి తగిలితే చేత్తో నెట్టకండి, వేళ్లు నలుగుతాయి.

లాకుతాళం:
లోపల మరీ నెమ్మది కూడా తప్పే. ప్రొపెల్లర్ నీళ్లు తోస్తేనే చుక్కాని వింటుంది. ఇంజను ఆపితే పడవ గోడల మధ్య తూలుతుంది. చూపు దీపం పడ్డచోట కాదు, ఇంకా దూరంగా పెట్టండి. బ్లిస్‌వర్త్ లాంటి సొరంగాల్లో ఎదురుగా పడవలొస్తాయి, అక్కడ కుడివైపు ఉండాలి. దీపం కొంచెం పైకీ కుడికీ తిప్పి ఉండాలి, ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా.

రేవుగట్టు:
రింగ్ మానేశాం. చెషైర్ లాకులు ఎక్కి, సొరంగం దాటి, కాల్డన్ కాలువలోకి వెళ్లి వెనక్కి వచ్చేస్తాం.

మైలురాయి:
మంచి పని. సొరంగం దాటగానే వెస్ట్‌పోర్ట్ లేక్ దగ్గర రాత్రికి కట్టెయ్యండి. కాల్డన్‌లో చివరున్న ఫ్రాగ్‌హాల్ సొరంగం కప్పు చాలా కిందికుంటుంది, చాలా పడవలు అందులో పట్టవు, దానికి ముందే తిప్పుకోండి. కాల్డన్ మొదట్లో ఎట్రూరియా దగ్గర రెండు లాకులు మెట్లలా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. ఎక్కేముందు పైది నిండుగా, కిందిది ఖాళీగా ఉందో లేదో చూసి పడవని లోపలికి తీసుకెళ్లండి.