చదువుల ఒత్తిడి పిల్లలకు కొంతైనా అవసరమా?

లెక్కల మాస్టారు:
పిల్లల మీద చదువుల ఒత్తిడి అసలు ఉండకూడదనే మాట ఈమధ్య తరచూ వింటున్నాను. నేను ఒప్పుకోను. 22 ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. పరీక్ష తేదీ చెప్పిన రోజు నుంచే క్లాసులో పుస్తకాలు తెరుచుకుంటాయి. "వీలున్నప్పుడు చూసుకోండి" అని వదిలేసిన పాఠాన్ని ఎవరూ చూడరు. 1908లోనే యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుకల మీద ప్రయోగం చేసి, ఒత్తిడి మరీ తక్కువైతే నేర్చుకోవడం మందగిస్తుందని చూపించారు. రేపు ఉద్యోగంలో మాత్రం టెన్షన్ ఉండదా? ఇప్పటి నుంచే అలవాటు కావాలి. మీరేమంటారు?

ఇద్దరు పిల్లల తల్లి:
మాస్టారూ, మీ అనుభవాన్ని కాదనను. మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా పెద్దమ్మాయికి పదిహేనేళ్లు. పరీక్షలకు నెల ముందు నుంచి రోజూ అర్ధరాత్రి దాటేదాకా బల్ల దగ్గరే ఉండేది. చదువుకుంటోంది కదా అని నేనూ సంతోషించాను. ఒకరోజు మంచినీళ్లు ఇద్దామని వెళ్లాను. గంట తర్వాత గ్లాసు తీద్దామని వెళ్తే ఇంకా అదే పేజీ. మూడు రంగుల పెన్నులతో గీతలు, గీత పడని వాక్యమే లేదు. పొద్దున లేస్తూనే కడుపునొప్పి అనేది. బడి ఎగ్గొట్టడానికేమో అనుకున్నాను, ఆ మాటకు ఇప్పటికీ బాధపడతాను. పరీక్ష రోజు వాంతి చేసుకుని వెళ్లింది. హాల్లో ఒక లెక్క ఎంతకీ తట్టలేదట. ఇంటికొచ్చి ఏడ్చి, కాసేపు పడుకుని లేచి, అదే లెక్క పది నిమిషాల్లో చేసి చూపించింది. దీన్ని ఏమనాలండీ?

డిగ్రీ ఫైనల్ ఇయర్:
మాస్టారూ, ఆ ప్రయోగంలో రెండో సగం కూడా ఉంది. ఎలుకలు రెండు పెట్టెల్లో సరైనదాన్ని గుర్తుపట్టాలి, తప్పితే షాక్. రెండింటి మధ్య తేడా ఇట్టే తెలిసేలా ఉన్నప్పుడు షాక్ పెంచేకొద్దీ త్వరగా నేర్చుకున్నాయి. తేడా పోల్చుకోవడం కష్టమైనప్పుడు మాత్రం గట్టి షాక్ చెరుపే చేసింది, ఓ మోస్తరుదే పనికొచ్చింది. ఎక్కాలు అప్పజెప్పించడానికి భయం సరిపోతుందేమో. ఆలోచించి చేయాల్సిన లెక్క అలా కాదు. నాలుగైదు విషయాలను ఒకేసారి మనసులో పట్టుకోవాలి. ఆ కాస్త చోటునూ "ఫెయిలైతే ఎలా" అన్న బెంగే ఆక్రమిస్తే లెక్కకు చోటెక్కడిది?

ఇది తలతో ఆగే విషయం కూడా కాదు. 1998లో వచ్చిన ఒక అధ్యయనంలో 11 మంది దంతవైద్య విద్యార్థుల అంగిట్లో చిన్న గాయం చేసి చూశారు. వేసవి సెలవుల్లో ఒకసారి, పెద్ద పరీక్షకు మూడు రోజుల ముందు ఇంకోసారి. పరీక్షలప్పటి గాయం మానడానికి సగటున మూడు రోజులు ఎక్కువ పట్టింది. మంది తక్కువే, కానీ వాళ్లలో ఒక్కరికి కూడా సెలవుల్లో మానినంత త్వరగా మానలేదు. అందుకే కడుపునొప్పిని సాకు అనడానికి నాకు నోరు రాదు.

లెక్కల మాస్టారు:
రెండో సగం సంగతి నిజమే, నేను దాన్ని వదిలేశాను. అర్ధరాత్రి దాకా మేలుకోవడాన్ని కూడా నేను సమర్థించను. ఆ వయసు పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, చదివింది గుర్తుండిపోయేది కూడా ఆ నిద్రలోనే. అయితే పరీక్షలు ఎత్తేద్దామంటారా?

డిగ్రీ ఫైనల్ ఇయర్:
వద్దండీ. చదివిందే మళ్లీ చదివినవాళ్ల కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే వారం తర్వాత ఎక్కువ గుర్తుందని 2006లో రోడిగర్, కార్పికే చూపించారు. పరీక్ష పెట్టండి, వారానికోటి పెట్టండి. ర్యాంకులు పైకి చదవడం, తక్కువ వచ్చినవాణ్ణి అందరిముందూ నిలబెట్టడం, దాన్ని ఆపమంటున్నాను. నన్నూ అలా నిలబెట్టారు. ఆ రోజు పాఠం ఏమిటో గుర్తులేదు. నా చెప్పుల వంక చూస్తూ నిలబడ్డది మాత్రం గుర్తుంది.

లెక్కల మాస్టారు:
గడువు లేని చదువును నేను ఇప్పటికీ నమ్మను. కానీ మార్కులు పైకి చదివే అలవాటు నాకూ ఉంది. ఈసారి పేపర్లు ఎవరివి వాళ్లకే ఇచ్చి చూస్తాను. అమ్మా, మీ అమ్మాయికి తట్టని ఆ లెక్క ఏ పాఠంలోది?

ఇద్దరు పిల్లల తల్లి:
వర్గ సమీకరణాలండీ. సమీకరణం వాళ్లు ఇవ్వరు, ప్రశ్న చదివి మనమే రాసుకోవాలి కదా, ఆ రకం.