కరెంటు పోయి వచ్చాక ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్ తనంతట తానే తెరుచుకోవాలంటే ఏమి చేయాలి?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట ఆఫీసు)

మా ఆడిట్ ఆఫీసులో డెబియన్ 12 నడిచే చిన్న సర్వర్ ఒకటి ఉంది. సిస్టమ్ ఒక ఎస్‌ఎస్‌డీ మీద, క్లయింట్ల ట్యాలీ బ్యాకప్‌లు, రిటర్నుల స్కాన్లు మరొక 4 టెరాబైట్ల హార్డ్ డిస్క్ మీద ఉంటాయి. హార్డ్ డిస్క్‌ను లినక్స్‌లో డిస్కులకు తాళం వేసే లక్స్2 పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేశాము, ఎస్‌ఎస్‌డీని చేయలేదు. వేసవిలో కరెంటు కోత యూపీఎస్ బ్యాటరీ భరించగలిగినంత కన్నా ఎక్కువ సేపు సాగితే సర్వర్ ఆగిపోతుంది. కరెంటు రాగానే మళ్ళీ ఆన్ అవుతుంది గానీ పాస్‌ఫ్రేజ్ అడుగుతూ నిలిచిపోతుంది. అది తెలిసినది నాకొక్కరికే, నేనుండేది విజయవాడలో.

అందుకని పాస్‌ఫ్రేజ్‌కు బదులుగా పనిచేసే కీ ఫైల్ ఒకటి తయారుచేసి, బూట్‌లో తెరవవలసిన ఎన్‌క్రిప్ట్ డిస్కుల జాబితా ఉండే ఈటీసీలోని క్రిప్ట్‌ట్యాబ్‌లో దాని చిరునామా రాశాను. ఇప్పుడు బూట్ అయ్యేటప్పుడు ఒకటిన్నర నిమిషం వేచి ఉండి, డివైస్ కనబడలేదంటూ ఎమర్జెన్సీ మోడ్‌లోకి వెళుతోంది. డిస్క్‌ను గుర్తించే సంఖ్య అయిన యూయూఐడీని మాత్రం, డిస్క్ తెరిచి ఉన్నప్పుడు లోపలి ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌కు ఎదురుగా కనిపించినదే తీసుకున్నాను. లోపం ఎక్కడున్నదో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు (విజయవాడ, పటమట)

లోపం మీ చివరి మాటలోనే ఉందండి. ఎక్స్‌ట్4 యూయూఐడీ డిస్క్ తెరుచుకున్న తరువాతనే కనబడుతుంది కాబట్టి, తెరవడానికి దానిని ఆధారంగా ఇస్తే సిస్టమ్ ఎప్పటికీ రాని దానికోసం ఎదురుచూస్తుంది. క్రిప్ట్‌ట్యాబ్‌లో ఉండవలసినది బయటి లక్స్ పొరకు ఉన్న యూయూఐడీ. క్రిప్ట్‌సెటప్‌లోని లక్స్‌యూయూఐడీ ఆదేశం దానిని చూపిస్తుంది. లోపలి ఫైల్ సిస్టమ్ సంగతి, ఏ డిస్క్‌ను ఏ ఫోల్డర్‌కు తగిలించాలో (మౌంట్ చేయాలో) చెప్పే ఎఫ్‌స్ట్యాబ్ చూసుకుంటుంది. అక్కడ తెరుచుకున్న డిస్క్‌కు మ్యాపర్ కింద వచ్చే పేరు రాస్తే చాలు.

క్రిప్ట్‌ట్యాబ్ వరుసలో వరుసగా మ్యాపర్ పేరు, యూయూఐడీ, కీ ఫైల్ చిరునామా, ఆప్షన్లు ఉండాలి. కీ ఫైల్ రూట్ యూజర్‌కు మాత్రమే చదవడానికి వీలుండేలా 0400 అనుమతితో ఉంచండి, దానిని లక్స్‌యాడ్‌కీ ద్వారా అదనపు స్లాట్‌లో (తాళంచెవికి ఉండే గడిలో) చేర్చండి, పాత పాస్‌ఫ్రేజ్ స్లాట్‌ను మాత్రం తీసివేయవద్దు. లక్స్2లో 32 స్లాట్ల వరకు ఉంటాయి, కాబట్టి చోటుకు కొరత లేదు.

ఇక ఎమర్జెన్సీ మోడ్ విషయం. నోఫెయిల్ అనే ఆప్షన్‌ను క్రిప్ట్‌ట్యాబ్‌లోనూ ఎఫ్‌స్ట్యాబ్‌లోనూ, రెండు చోట్లా పెడితే డిస్క్ తెరుచుకోకపోయినా మిగిలిన సిస్టమ్ ఆగకుండా లేస్తుంది. అయితే దీనికొక చిక్కు ఉంది, చాలామంది దానిని గమనించరు: డిస్క్ మౌంట్ కాకముందే, నెట్‌వర్క్‌లో ఫైళ్ళను పంచే సాంబా మొదలైతే, మీ సిబ్బంది దాచే ఫైళ్ళు ఖాళీ ఫోల్డర్‌లోకి, అంటే ఎన్‌క్రిప్షన్ లేని ఎస్‌ఎస్‌డీ మీదకు పోతాయి, తరువాత డిస్క్ మౌంట్ కాగానే అవి దాని చాటున మరుగున పడతాయి. సాంబా సర్వీసుకు రిక్వైర్స్‌మౌంట్స్‌ఫర్ అనే వరుసను ఆ ఫోల్డర్ పేరుతో చేర్చండి, మౌంట్ లేనిదే అది మొదలు కాదు.

రెండవ జవాబు (గుంటూరు, అరండల్‌పేట)

పై జవాబులో తప్పేమీ లేదు గానీ, అది అడగవలసిన ఒక ప్రశ్నను వదిలివేసింది. ఎస్‌ఎస్‌డీ ఎన్‌క్రిప్ట్ కాలేదు, తాళంచెవి దాని మీదే ఉంది. బీరువాకు తాళం వేసి చెవిని దాని తలుపుకే తగిలించినట్టు. హార్డ్ డిస్క్ ఒక్కటే వారంటీ మార్పిడికి వెళ్ళినప్పుడు ఇది రక్షణే. మొత్తం పెట్టెను ఎత్తుకుపోతే ఏ రక్షణా లేదు.

మదర్‌బోర్డు మీద తాళాలను దాచే టీపీఎం 2.0 చిప్ ఉంటే, బూట్‌ను నడిపే సిస్టమ్‌డీలో 248వ వెర్షన్ నుంచి వచ్చిన క్రిప్ట్‌ఎన్‌రోల్‌తో తాళాన్ని మదర్‌బోర్డుకు ముడివేయవచ్చు. అప్పుడు రెండు డిస్కులూ ఊడదీసుకుపోయినా తెరుచుకోవు. కానీ పెట్టె మొత్తం పోతే అది దొంగ ఇంట్లో కూడా బుద్ధిగా బూట్ అయి డిస్క్‌ను తెరిచిపెడుతుంది. ఆ భయం ఉన్నవారికి క్లెవిస్ (సర్వర్ మీద), ట్యాంగ్ (వేరే యంత్రం మీద) అనే ప్రోగ్రాముల జంట సరిపోతుంది: ఆఫీసులోనే వేరే గదిలో దాచిన రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న యంత్రం మీద ట్యాంగ్ నడుస్తుంది, దానితో నెట్‌వర్క్‌లో మాట్లాడగలిగినప్పుడే సర్వర్ డిస్క్‌ను తెరవగలుగుతుంది. డిస్క్ తాళం ట్యాంగ్ దగ్గర ఉండదు, నెట్‌వర్క్ మీద ప్రయాణించదు. ట్యాంగ్‌ను ఇంటర్నెట్‌కు మాత్రం తెరిచి పెట్టకూడదు, పెడితే దొంగిలించిన పెట్టె కూడా ఎక్కడినుంచైనా దానిని చేరుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు

యూయూఐడీ మార్చగానే సరిగ్గా బూట్ అయింది, ఇద్దరికీ ధన్యవాదాలు. మా భయం పెట్టె పోవడం గురించే, ఎందుకంటే ఆఫీసు కింది అంతస్తులో ఉంది, రాత్రి కాపలా లేదు. ఇంకొక యంత్రాన్ని పెట్టి చూసుకునే ఓపిక మాత్రం మాకు లేదు. రాత్రిపూట ఆ ఫైళ్ళతో ఎవరికీ పని ఉండదు.

మొదటి జవాబు ఇచ్చినవారు

రాత్రి పని లేకపోతే మీకు ఆటోమేటిక్‌గా తెరుచుకోవడం అవసరమే లేదండి, గుంటూరు వెళ్ళకుండా తెరవగలగడం మాత్రమే అవసరం. ఎస్‌ఎస్‌డీ ఎన్‌క్రిప్ట్ కానందువల్ల సిస్టమ్ పూర్తిగా లేస్తుంది, కాబట్టి ఉదయం మీరు వీపీఎన్ ద్వారా ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి ఆదేశాలిచ్చే మార్గంలో) ప్రవేశించి పాస్‌ఫ్రేజ్‌ను ఇంటి నుంచే ఇవ్వవచ్చు. క్రిప్ట్‌ట్యాబ్‌లో కీ ఫైల్ చోట నన్ అని, ఆప్షన్లలో నోఆటో అని రాయండి. ఎఫ్‌స్ట్యాబ్‌లోనూ నోఆటో పెట్టండి. సాంబా కూడా బూట్‌లో మొదలు కాకుండా ఆపండి. తెరవడం, మౌంట్ చేయడం, సాంబాను మొదలుపెట్టడం అనే మూడింటినీ ఒక చిన్న స్క్రిప్టులో రాసుకుంటే సరిపోతుంది. ఎప్పుడైనా ఎస్‌ఎస్‌డీని కూడా ఎన్‌క్రిప్ట్ చేస్తే, బూట్ తొలి దశలోనే ఎస్‌ఎస్‌హెచ్ ఇచ్చే డ్రాప్‌బేర్ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ ప్యాకేజీ కావలసి వస్తుంది.

రెండవ జవాబు ఇచ్చినవారు

నాకూ ఇదే మేలనిపిస్తోంది. అయితే కీ ఫైల్‌ను తొలగించినంత మాత్రాన పని పూర్తి కాదు, ఎస్‌ఎస్‌డీ మీద చెరిపిన ఫైల్ జాడలు మిగిలే అవకాశం ఉంది. ముందుగా లక్స్‌రిమూవ్‌కీ ద్వారా దాని స్లాట్‌ను తీసివేసి, ఆ తరువాత ఫైల్‌ను చెరపండి. స్లాట్లు ఉండే డిస్క్ మొదటి భాగం, అంటే హెడర్ దెబ్బతింటే పాస్‌ఫ్రేజ్ తెలిసినా డేటా తిరిగి రాదు కాబట్టి లక్స్‌హెడర్‌బ్యాకప్‌తో ఒక నకలు తీసి ఆఫీసు బయట దాచండి. ఆ నకలు స్లాట్‌ను తీసివేసిన తరువాత తీసినదై ఉండాలి. ముందే తీసినది ఏదైనా ఉంటే దానిని నాశనం చేయండి, ఎందుకంటే పాత హెడర్ దొరికితే పాత కీ ఫైల్‌తో ఆ డిస్క్ ఇప్పటికీ తెరుచుకుంటుంది.