'గుడ్ ట్రబుల్'ని తెలుగులో ఏమందాం?

అమెరికాలో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడిన జాన్ లూయిస్ గురించి ఒక వ్యాసం రాస్తూ ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. ఆయన జార్జియా నుంచి 1987లో అమెరికా ప్రతినిధుల సభకు వెళ్లి, 2020 జులైలో చనిపోయేదాకా సభ్యుడిగానే ఉన్నారు. యువతకు పదేపదే చెప్పిన మాట 'గుడ్ ట్రబుల్, నెససరీ ట్రబుల్'. 'మంచి ఇబ్బంది', 'మంచి కష్టం' అని రాసి కొట్టేశాను. ఇబ్బంది మనకు వచ్చి పడేది. ఆయన చెప్పింది అన్యాయాన్ని ఎదిరించడానికి మనంతట మనం దిగేది.

మాట పుట్టిన చోటు చూద్దాం. అలబామాలో ట్రాయ్ ఊరి దగ్గర, పాలుకు సాగు చేసుకునే నల్లజాతి కుటుంబంలో 1940లో పుట్టారు. తెల్లవాళ్లకు ఒక బోర్డు, నల్లవాళ్లకు ఒక బోర్డు ఎందుకని అడిగితే, అదంతే, అడ్డం పోకు, ట్రబుల్‌లో పడకు అన్నారు ఇంట్లోవాళ్లు. మన ఇళ్లలో అయితే అమ్మ ఏమంటుంది? "మనకెందుకురా ఆ గొడవ!" అందుకే నా మనసు 'గొడవ' మీదికి పోతోంది. అమ్మ వద్దన్న మాటనే కొడుకు పట్టుకున్నాడని చదివేవాళ్లకు తెలియాలి కదా.

వ్యాఖ్య: గొడవ అంటే కొట్లాట అనిపించదాండీ? ఆయన ఎవరి మీదా చెయ్యెత్తలేదు. 1965 మార్చి 7న అలబామాలోని సెల్మాలో నల్లవాళ్ల ఓటు హక్కు కోసం ఊరేగింపుగా వెళ్తుంటే, వంతెన మీద పోలీసులు తల పగలగొట్టినా తిరగబడలేదు.

వ్యాఖ్య: మేడమ్, గొడవకు ఆ ఒక్క అర్థమే లేదు. 'వాడి గొడవలో వాడున్నాడు' అంటాం, అక్కడ కొట్లాట ఏముంది? మనసును పట్టి ఉంచే విషయం అని. కాళోజీ తన కవిత్వానికి 'నా గొడవ' అని పేరు పెట్టుకున్నారు. ఆయనా నిజాం కాలంలో జైలుకు వెళ్లి, తర్వాత శాసనమండలిలో కూర్చున్నవారే. నా భయం 'మంచి' గురించి. 'మంచి నిద్రలో', 'మంచి ఎండలో' అన్నట్టు, 'మంచి గొడవ' అంటే గొడవ బాగా ముదిరిందనుకుంటారు. 'తప్పని గొడవ' అందామంటే 'తప్పు అని' వినిపిస్తుంది.

నా జవాబు: నిజమే సర్, 'మంచి' సంగతి నాకు తట్టలేదు. రెండు ముక్కలూ కలిపి 'మేలు చేసే గొడవ, పెట్టుకోవాల్సిన గొడవ' అని రాస్తున్నాను. 'పెట్టుకోవాల్సిన' అనడంలో మనంతట మనం దిగడం ఉంది, బాధ్యతా ఉంది. నాకు తృప్తిగా ఉంది.

నిరసనగా ఒకచోట కూర్చుని కదలకపోవడాన్ని ఇంగ్లిష్‌లో 'సిట్-ఇన్' అంటారు. దానికి మాత్రం వెతుక్కోనక్కర్లేకపోయింది. 1960లో నాష్‌విల్‌లో నల్లవాళ్లకు వడ్డించని హోటల్ కౌంటర్ల ముందు కుర్రాడు లూయిస్ బైఠాయించాడు. 2016 జూన్‌లో, తుపాకుల నియంత్రణ మీద ఓటింగ్ పెట్టమని, 76 ఏళ్ల వయసులో సభలోనే నేల మీద బైఠాయించారు. రెండు చోట్లా అదే మాట రాశాను.