స్ట్రాటజీ గేమ్స్ ఆడేవాళ్ళు ఏ పాడ్‌కాస్ట్ వింటారు?

ప్రశ్న: బెంగళూరులో వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్‌కి రోజూ మెట్రోలోనే రాకపోకలు. నేను ఆడేది పీసీలోనే, అదీ సివిలైజేషన్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్. ఏ పాడ్‌కాస్ట్ పెట్టినా ప్లేస్టేషన్ కబుర్లే. ఒక గేమ్‌ని ఎందుకలా తయారుచేశారో విడమరిచి చెప్పేది కావాలండీ. ఇంగ్లీషైనా పర్లేదు.

జవాబు: 'త్రీ మూవ్స్ అహెడ్' వినండి. 2009లో మొదలైంది, స్ట్రాటజీ గేమ్స్, వార్‌గేమ్స్ మీదే. వరసగా వినొద్దు. మీరు బాగా ఆడిన గేమ్ పేరు వెతికి, ఆ ఎపిసోడ్ ముందు వినండి. వాళ్ళ అభిరుచి మీకు సరిపోతుందో లేదో అక్కడే తేలిపోతుంది.

ఇంకో జవాబు: మీకు 'డిజైనర్ నోట్స్' తప్పకుండా నచ్చుతుంది. నడిపే సోరెన్ జాన్సన్, 2005లో వచ్చిన సివిలైజేషన్ 4కి లీడ్ డిజైనర్. గేమ్స్ తయారుచేసినవాళ్ళని కూర్చోబెట్టి నింపాదిగా అడుగుతారు, ఒక్కొక్కరితో రెండు మూడు భాగాలు కూడా సాగుతుంది. నాకైతే అది విన్నాక పాత గేమ్స్ మళ్ళీ ఆడాలనిపించింది. ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, సొరంగంలో నాకు సిగ్నల్ నిలవదు.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ! రెండోది ఇప్పుడే దించుకుంటున్నా, రేపు పొద్దున్న రైల్లో మొదలుపెడతా.