ఆప్‌ఆంప్ సైజింగ్: ఎక్కడ మొదలుపెడితే అక్కడే ఆగిపోతోంది

మద్దిలపాలెం_ఎంటెక్:
గురువులందరికీ నమస్తే. వైజాగ్‌లో ఎంటెక్ చేస్తున్నా. స్కై130లో (130 నానోమీటర్ల ఓపెన్‌సోర్స్ చిప్ ప్రాసెస్) రెండు స్టేజీల ఆప్‌ఆంప్‌కి (సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్) ట్రాన్సిస్టర్ల సైజులు వెతుకుతున్నా. 1.8 వోల్టులు, లోడ్ 5 పీకోఫారడ్లు. గెయిన్ 60 డీబీకి, ఫేజ్ మార్జిన్ (సర్క్యూట్ ఊగిపోకుండా ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత) 60 డిగ్రీలకు తగ్గకుండా పవర్ తగ్గించాలి. సైపైలోని (పైథాన్ లైబ్రరీ) ఎస్‌ఎల్‌ఎస్‌క్యూపీకి (గ్రేడియెంట్, అంటే వాలు, చూసి కదిలే ఆప్టిమైజర్) ఎన్‌జీస్పైస్ (సర్క్యూట్ సిమ్యులేటర్) కలిపాను. ఏ పాయింటు ఇచ్చినా అక్కడే కూర్చుని "కన్వర్జ్ అయింది" అంటోంది. మెజర్‌మెంట్ ఫెయిలైతే పది లక్షల పెనాల్టీ వేస్తున్నా. నాన్‌కాన్వెక్స్ (ఒకటికి మించి లోయలుండే ప్రాబ్లమ్) కదా, జెనెటిక్ అల్గారిథమ్ పెట్టెయ్ అని మా గైడ్ గారి మాట. రివ్యూ దగ్గరపడింది, ఒకటే టెన్షన్.

గాజువాక_అనలాగ్:
తమ్ముడూ, నాన్‌కాన్వెక్స్ సంగతి తర్వాత, ముందు గ్రేడియెంట్ చూడు. నువ్వేమీ చెప్పకపోతే ఎస్‌ఎల్‌ఎస్‌క్యూపీ 0.000000015 స్టెప్‌తో తేడా తీస్తుంది. ఎన్‌జీస్పైస్ రెల్‌టాల్ (లెక్కలో ఒప్పుకునే తేడా) డిఫాల్ట్ 0.001. 10 మైక్రాన్ల డబ్ల్యూని (ట్రాన్సిస్టర్ వెడల్పు) అంత కదిపితే ప్రింటయ్యే అంకెల్లో ఏ మార్పూ రాదు. వచ్చినా అది నాయిసే. గ్రేడియెంట్ సున్నా కనిపించాక అది ఇంకెక్కడికి పోతుంది?

వేరియబుల్స్ అన్నిటికీ లాగ్ తీసుకో, స్టెప్ 0.01 పెట్టు. అంటే డబ్ల్యూ ఒక శాతం కదులుతుంది. రెల్‌టాల్‌ని 0.000001కి దించు. ఆ పది లక్షలు మాత్రం తీసెయ్, అది గోడ. గెయిన్ ఎక్కడా ఒకటిని దాటకపోతే ఫేజ్ మార్జిన్ కొలవడానికేముంది? ప్రతి ట్రాన్సిస్టర్‌కీ వీడీఎస్ మైనస్ వీడీశాట్ (శాచురేషన్‌లో నిలవడానికి మిగిలిన వోల్టేజీ) ఎంతుందో కన్‌స్ట్రెయింట్‌గా ఇవ్వు. సర్క్యూట్ చచ్చి పడున్నా ఆ నంబర్ వస్తుంది, ఎటు కదలాలో చెబుతుంది.

రుషికొండ_ఆర్ఎఫ్:
స్టార్టింగ్ పాయింటుకి జామెట్రిక్ ప్రోగ్రామింగ్ వాడండి. హెర్షెన్సన్, బాయిడ్, లీ 2001లో ఆప్‌ఆంప్‌కి చేసి చూపించారు. స్పెక్స్‌ని పాజినోమియల్స్‌గా (పాజిటివ్ గుణకాలున్న పవర్ టర్మ్‌ల మొత్తంగా) రాసి లాగ్ తీసుకుంటే ప్రాబ్లమ్ కాన్వెక్స్ అయిపోతుంది, వచ్చేది గ్లోబల్ ఆప్టిమమ్. కాకపోతే అది మీరు రాసిన మోడల్‌కి గ్లోబల్, సిలికాన్‌కి కాదు. చేత్తో వేసే స్క్వేర్ లా (కరెంటు వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుందనే ఫార్ములా) 130 నానోమీటర్లలో బాగా తప్పుతుంది, తర్వాత స్పైస్‌తో సరిదిద్దక తప్పదు.

మద్దిలపాలెం_ఎంటెక్:
అన్నా, స్టెప్ మార్చగానే కదిలింది! కానీ స్టార్టింగ్ పాయింటును బట్టి రెండు రకాల జవాబులొస్తున్నాయి. ఒకదాంట్లో మిల్లర్ కెపాసిటర్ (రెండో స్టేజీ మీద స్థిరత్వానికి పెట్టేది) పెద్దది, రెండోదాంట్లో రెండో స్టేజీ కరెంటు ఎక్కువ. కార్నర్లు (తయారీలో ట్రాన్సిస్టర్లు వేగంగా, నెమ్మదిగా వచ్చే సందర్భాలు) ఐదూ ప్రతిసారీ రన్ చేయాలా?

గాజువాక_అనలాగ్:
నాన్‌కాన్వెక్స్ అంటే ఇదిగో, ఇదీ. పవర్ తక్కువున్నది ఉంచుకో. ఇంకా అనుమానముంటే డిఫరెన్షియల్ ఎవల్యూషన్ (జెనెటిక్ లాంటిదే) ఒక రాత్రి వదులు. సైపైలో దానికి కన్‌స్ట్రెయింట్స్ నేరుగా ఇవ్వొచ్చు, పెనాల్టీ గొడవుండదు. గైడ్ గారి మాటా నిలబెట్టినట్టుంటుంది.

కార్నర్లు ప్రతిసారీ అక్కర్లేదు. టీటీలో (మామూలు కార్నర్) కుదిరాక ఐదూ ఒకసారి వెయ్యి. ఏది స్పెక్ తప్పిందో దాన్ని మాత్రం కన్‌స్ట్రెయింట్స్‌లో చేర్చి, పాత జవాబు నుంచే మళ్లీ నడుపు. ఏదీ తప్పనంతవరకూ అలాగే. డబ్ల్యూలని గ్రిడ్‌కి (ప్రాసెస్ ఒప్పుకునే కొలతలకి) రౌండ్ చేశాక ఫేజ్ మార్జిన్ ఇంకోసారి కొలువు.