గ్యాప్ ఉన్నవాళ్లకు ఏ రెజ్యూమ్ ఫార్మాట్? డీటీపీ షాపతను తేదీలు తీసేశాడు

ప్రశ్న, మల్కాజ్‌గిరి నుంచి

అందరికీ నమస్కారం. బీకాం కంప్యూటర్స్ చదివాను. 2013 నుంచి 2020 ఫిబ్రవరి దాకా బాలానగర్‌లో ఒక స్పేర్‌పార్ట్స్ డిస్ట్రిబ్యూటర్ దగ్గర అకౌంట్స్ చూశాను. బాబు పుట్టాడని మానేశాను, వెంటనే కరోనా, ఆ తర్వాత అత్తయ్య మోకాలి ఆపరేషన్, అలా ఏళ్లు జరిగిపోయాయి. 2022 నుంచి బేగంబజార్‌లో మా మేనమామ హోల్‌సేల్ కిరాణా లెక్కలు ఇంట్లోనే కూర్చుని చేస్తున్నాను. బాబు బడికి వెళ్తున్నాడు కాబట్టి మళ్లీ ఉద్యోగం చూసుకుంటున్నా.

అమీర్‌పేటలో ఒక డీటీపీ షాపులో రెజ్యూమ్ చేయించాను. రెండు కాలమ్‌లు, ఎడమ పక్క నీలం పట్టీ, అందులో గుండ్రటి ఫొటో, ఫోన్ నంబరు, స్కిల్స్. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ టాలీకి అయిదు చుక్కల్లో నాలుగు, ఎక్సెల్‌కి మూడు. చూడ్డానికి పెళ్లి కార్డులా ఉంది. "మీకు గ్యాప్ ఉంది కదా మేడమ్, ఫంక్షనల్ ఫార్మాట్ పెడదాం, సంవత్సరాలు వేయొద్దు" అని తేదీలన్నీ ఎత్తేశాడు. జాబ్ సైట్లలో, వాట్సాప్‌లో కలిపి ఇరవై చోట్లకు పంపాను. ఒక్క ఫోన్ రాలేదు. తప్పు ఫార్మాట్‌దా, నా గ్యాప్‌దా?

జవాబు, మాదాపూర్ నుంచి

అక్కా, నేను పన్నెండేళ్లుగా రిక్రూట్‌మెంట్‌లోనే ఉన్నా. ముందు ఒక పని చేయండి. ఆ పీడీఎఫ్ కంప్యూటర్‌లో తెరిచి, మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ కొట్టి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. ఏం కనబడిందో ఇక్కడ రాయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మల్కాజ్‌గిరి

చేశాను అన్నా. ఫోన్ నంబరు లేదు, మెయిల్ లేదు. టాలీ అన్న మాటే ఎక్కడా లేదు! షాపతనికి ఫోన్ చేస్తే, పట్టీ ఫొటోషాప్‌లో చేసి బొమ్మగా అతికించాను అన్నాడు. కుడి పక్కన ఉద్యోగం, చదువు పక్కపక్క గళ్లలో పెట్టాడు కదా, బాలానగర్ ఉద్యోగం లైను మధ్యలో డిగ్రీ మార్కులు వచ్చి కూర్చున్నాయి.

మాదాపూర్

అదే నా అనుమానం. జాబ్ సైట్లో మీరు పెట్టిన ఫైల్‌ను ముందు చదివేది సాఫ్ట్‌వేర్. పేరు, నంబరు, అనుభవం, స్కిల్స్ అని గళ్లలోకి విడగొడుతుంది. బొమ్మలో ఉన్న అక్షరాలు చాలాసార్లు దానికి అందవు. రెండు కాలమ్‌లు ఉంటే కొన్నిసార్లు అడ్డంగా చదువుకుంటూ పోతుంది, అందుకే మీ ఉద్యోగంలోకి డిగ్రీ దూరింది. అవతల నాలాంటివాడు టాలీ, జీఎస్‌టీ, హైదరాబాద్, అయిదేళ్లకు పైన అని వెతుకుతాడు. మీ ఫైల్‌లో టాలీ లేదు, ఏళ్లు లేవు. మీరు మాకు కనబడనే లేదు, ఇక గ్యాప్ గురించి ఆలోచించేదెవరు?

వాట్సాప్‌లో పంపినవాటిది ఇంకో బాధ. చిన్న కంపెనీ ఓనరో, సీఏ గారో దాన్ని ఫోన్‌లోనే చూస్తారు. రెండు కాలమ్‌ల పేజీ ఆ తెరమీద చీమల బారులా ఉంటుంది. పెద్దది చేసుకుని అటూ ఇటూ జరుపుకుంటూ చదివే ఓపిక ఎవరికుంది?

ఇక ఫార్మాట్ల సంగతి. క్రొనలాజికల్ అంటే ఉద్యోగాలు కొత్తదాని నుంచి పాతదానికి, తేదీలతో. ఫంక్షనల్ అంటే నైపుణ్యాల వారీగా, తేదీలు అడుగున ఎక్కడో, లేదా లేకుండా. మూడోది కాంబినేషన్: పైన చిన్న సారాంశం, ముఖ్యమైన స్కిల్స్, కింద తేదీలతో ఉద్యోగాలు. మీకు మూడోదే. తేదీల్లేని రెజ్యూమ్ చేతికి రాగానే మాకు తట్టే మొదటి మాట "ఏదో దాస్తున్నారు" అనే. మీరు ఆరేడేళ్లు నికరంగా ఒకేచోట పనిచేసిన మనిషి. అది కదా మీ బలం, దాన్నే ఆ షాపతను చెరిపేశాడు.

సైజు ఏ4, ఒకటే కాలమ్, అక్షరాలు 11 పాయింట్, మామూలు ఫాంట్. ఒక పేజీ చాలు, రెండో పేజీలోకి నాలుగు లైన్లు పోయినా ప్రాణం పోదు. చుక్కలు తీసేయండి. అయిదింట నాలుగు అంటే ఎవరి లెక్క ప్రకారం?

మల్కాజ్‌గిరి

మరి 2020 నుంచి 2022 ఏమని రాయాలి? మామయ్య దుకాణం పని రాయొచ్చా? జీతం స్లిప్ లేదు, పీఎఫ్ లేదు, నెలకింత అని చేతికిస్తారు.

మాదాపూర్

2020 మార్చి నుంచి 2022 దాకా "కుటుంబ బాధ్యతల కోసం విరామం" అని ఒక్క లైను. అత్తయ్యగారి మోకాలు, కరోనా అక్కర్లేదు. 2022 నుంచి ఫ్రీలాన్స్ అకౌంటెంట్, హోల్‌సేల్ కిరాణా వ్యాపారం, బేగంబజార్ అని రాయండి. ఎంప్లాయీ అని మాత్రం వద్దు, స్లిప్ అడిగితే ఇరుక్కుంటారు. మామయ్య అని చెప్పుకోవాల్సిన పనిలేదు, అడిగితే దాచాల్సిన పనీ లేదు.

అక్కడ ఏమేం చేస్తున్నారో చెప్పండి. "అకౌంట్స్ చూస్తాను" అనకండి.

మల్కాజ్‌గిరి

బిల్లులు టాలీ ప్రైమ్‌లో ఎక్కిస్తాను, నెలకు మూడు వందల దాకా ఉంటాయి. జీఎస్‌టీ రిటర్నులు, అంటే జీఎస్‌టీఆర్-1, 3బీ వేస్తాను. 2బీతో, అంటే సప్లయర్లు వేసిన బిల్లుల నుంచి జీఎస్‌టీ పోర్టల్ తయారుచేసే పట్టికతో, కొనుగోళ్లు సరిచూసి, సప్లయర్ వేయని బిల్లులుంటే ఫోన్ చేసి వేయిస్తాను. గత ఏడాది అలా కొనుగోళ్లపై కట్టిన పన్నులో దాదాపు నలభై వేల క్రెడిట్ ఆగిపోతే రాబట్టాను.

మాదాపూర్

అక్కా, ఈ మాట ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు! 2బీ వచ్చిందే 2020 ఆగస్టులో, అంటే మీరు బాలానగర్ మానేశాక. గ్యాప్ ఉన్న అకౌంటెంట్ అనగానే మాకొచ్చే భయం ఒక్కటే, ఈమె పాత టాలీ ఈఆర్‌పీ 9 దగ్గరే ఆగిపోయిందేమో అని. 2బీ మ్యాచింగ్ అన్న ఒక్క మాటతో ఆ భయం పోతుంది. నలభై వేల సంగతి సారాంశం రెండో లైన్లో ఉండాలి. ఈ-ఇన్‌వాయిస్, అంటే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం, కూడా ఒకసారి చూసుకోండి. 2023 ఆగస్టు నుంచి టర్నోవర్ అయిదు కోట్లు దాటిన వ్యాపారాలకు అది తప్పనిసరి, ఇంటర్వ్యూలో అడుగుతారు.

ఇంకోటి, "వెంటనే చేరగలను" అని పైనే రాయండి. ఉద్యోగంలో ఉన్నవాళ్లు రెండు మూడు నెలల నోటీసు పీరియడ్ అంటుంటే, రేపే రాగలనన్న మనిషికి ఉన్న విలువ మీకు తెలియదు.

మధ్యలో, ఉప్పల్ నుంచి

అన్నా, నాది బీటెక్ అయిపోయింది. ఒక కన్సల్టెన్సీల రెండేండ్ల ఎక్స్‌పీరియన్స్ పెడ్తం, క్రొనలాజికల్ ఫార్మాట్‌ల మంచిగ సెట్ అయితది అంటున్నరు. పెట్టాల్నా?

మాదాపూర్

వద్దు తమ్మీ. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో యూఏఎన్, అంటే నీ పీఎఫ్ నంబరు, అడుగుతరు, పీఎఫ్ రికార్డుల ఏ కంపెనీల ఎన్నడు చేరినవ్, ఎన్నడు మానేసినవ్ అన్నీ కనబడ్తయ్. చేరినంక దొరికినా తీసేస్తరు. నువ్వు చదువు, ప్రాజెక్టు పైన పెట్టు. ప్రాజెక్టు టీమ్‌ల నీ చేతితో చేసిన ముక్క ఏందో అది రాయి.

ఇంకొకరు, టోలీచౌకి నుంచి

ఫొటో అసలే వద్దంటారా? మా తమ్ముడు దుబాయ్‌కి పంపుతున్నాడు.

మాదాపూర్

గల్ఫ్‌కి ఫొటో, జాతీయత, వీసా వివరం పెట్టడం మామూలే. అమెరికా కంపెనీలకైతే ఫొటో, వయసు, పెళ్లి వివరాలు ఏవీ వద్దు. ఇక్కడ అకౌంట్స్ ఉద్యోగానికి అవసరం లేదు. తండ్రి పేరు, కింద డిక్లరేషన్, సంతకం పాత బయోడేటా అలవాట్లు. ఉన్నా ఎవరూ తిట్టరు, ఆ చోటు వేరేదానికి వాడుకోవచ్చు.

మల్కాజ్‌గిరి, నాలుగు రోజుల తర్వాత

అన్నా, షాపతను వర్డ్ ఫైల్ ఇవ్వనన్నాడు, మార్పు కావాలంటే మళ్లీ డబ్బులట. విసుగొచ్చి ఫోన్‌లోనే గూగుల్ డాక్స్‌లో మొత్తం కొత్తగా టైప్ చేశాను. నోట్‌ప్యాడ్ పరీక్ష పెట్టాను, అన్నీ వరసలో వచ్చాయి. ఫైల్‌కి నా పేరు, అకౌంటెంట్ అని పెట్టాను, ముందు "న్యూ ఫైనల్ 2" అని ఉండేది. సికింద్రాబాద్‌లో ఒక సీఏ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, రేపు పదకొండింటికి రమ్మన్నారు. గ్యాప్ గురించి అడగలేదు, 2బీ గురించి అడిగారు. ప్రింటు తీసుకెళ్లాలా?

మాదాపూర్

రెండు కాపీలు తీసుకెళ్లండి, ఒకటి మీ చేతిలో ఉండాలి. ప్రింటు మాత్రం ఆ షాపులో తీయించకండి, మళ్లీ నీలం పట్టీ వేసిస్తాడు.